తీరాన్ని చదివే చదువు



డిగ్రీ పరీక్షలు అయిపోయిన ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న, "తరువాత ఏం చదివిద్దాం?" అని. బరంపురంలో అయినా, ఛత్రపురంలో అయినా, ఇటు ఇచ్ఛాపురం, సోంపేటల్లో అయినా దీనికి వచ్చే జవాబులు నాలుగైదే. బి.ఇడి., బ్యాంకు పరీక్షలు, కంప్యూటరు కోర్సు. ఇవేవీ కుదరకపోతే సూరత్ బండి. ఈ జాబితాలో మరొక చదువును చేర్చమని అడగడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను. దాని పేరు పర్యావరణ ప్రణాళిక. దానికి తోడబుట్టినది పర్యావరణ విధానాల అధ్యయనం.

పేర్లు కాస్త బరువుగా ఉన్నాయి కదూ! విడమరచి చూద్దాం. పర్యావరణ శాస్త్రం చదివినవాడు నీటిని, గాలిని, మట్టిని పరీక్షించి, వాటిలో ఏముందో, ఎంత ఉందో చెబుతాడు. ప్రణాళిక చదివినవాడు ఆ లెక్కను చేతబట్టుకుని, ఇల్లు ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎటు వెయ్యాలి, ఏ చెరువు జోలికి పోకూడదు అని పటం గీస్తాడు. విధానం చదివినవాడు ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ పని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, నష్టపోయేవారికి చట్టం ఏం చెబుతోంది అని అడుగుతాడు. లెక్క, పటం, చట్టం – ఈ మూడూ కలిసిందే ఈ చదువు.

దీనికంతటికీ మూలసూత్రం సుస్థిరాభివృద్ధి. 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘం తన నివేదికలో ఈ మాటకు అర్థం చెప్పింది. రాబోయే తరాలవారు తమ అవసరాలు తీర్చుకునే అవకాశాన్ని చెడగొట్టకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని దాని సారాంశం. మన రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఎంత కరువు వచ్చినా విత్తనాల గింజలు దంచుకు తినకూడదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి ఈ చదువుకు గంజాంతో ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం చాలా ఉంది. మన తీరమే దీనికి పెద్ద పాఠ్యపుస్తకం. అందులోంచి నాలుగు పాఠాలు మనవి చేస్తాను.

మొదటి పాఠం తుఫానులది. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన పెను తుఫానులో ఒడిశాలో సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. అంతకు పన్నెండు రోజుల ముందే మరో తుఫాను గోపాల్‌పూర్ దగ్గర మన జిల్లాను దెబ్బతీసింది. ఆ ఏడాది చివరలో రాష్ట్ర ప్రభుత్వం విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. తుఫాను ఆశ్రయ భవనాలు లేచాయి. ఏ ఊరివారు ఏ భవనానికి వెళ్లాలి, ముసలివారినీ గర్భిణులనూ ఎవరు తీసుకెళ్లాలి అన్నది ముందే రాసుకోవడం అలవాటయింది. పద్నాలుగేళ్ల తరువాత, 2013 అక్టోబరు 12 రాత్రి, గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన గాలితో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికే ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చారు. ఇళ్లు కూలాయి, కొబ్బరిచెట్లు, మొగలి డొంకలు నేలకొరిగాయి. అయినా తుఫానుకూ, ఆ వెంట వచ్చిన వరదకూ కలిపి పోయిన ప్రాణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. గాలి తగ్గిందా? లేదు. మనిషి సిద్ధమయ్యాడు. ఆ సిద్ధం కావడానికే ప్రణాళిక అని పేరు.

అయితే ఈ పాఠానికి రెండో పేజీ కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటలను, జీడితోటలను తుడిచిపెట్టి, కొండల్లోకి వెళ్లింది. గజపతి జిల్లా బారఘర గ్రామంలో వాన నుంచి తప్పించుకోవడానికి కొండగుహలో తలదాచుకున్నవారు కొండచరియ విరిగిపడి చనిపోయారు. సముద్రపు ఒడ్డుకు వేసిన ప్రణాళిక కొండకు సరిపోలేదు. ఒడ్డున భయం ఉప్పెన, కొండ మీద భయం జారే మట్టి. ఏ చోటి ప్రమాదం ఆ చోటిదే అని తెలుసుకోవడం ఈ చదువులో మొదటి మెట్టు.

ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 2020 ఆగస్టులో యునెస్కో మన రంగైలుండ బ్లాకులోని వెంకటరాయిపూర్‌ను, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహిని సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి గ్రామాలు ఇవే. నోలియాలంటే ఎవరో మీకు తెలుసు. ఒడియా వారు ఆ పేరుతో పిలిచేది మన తెలుగు మాట్లాడే మత్స్యకారులనే. సునామీ హెచ్చరిక బయలుదేరేది కూడా ఎక్కడి నుంచో కాదు, హైదరాబాదులో ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం నుంచే. 2004 డిసెంబరు సునామీ తరువాత, 2007లో ఆ హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. అక్కడ తెరమీద కనిపించే అంకె, వెంకటరాయిపూర్‌లో ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని ఎటు పరుగెత్తాలో చెప్పే బాణం గుర్తుగా మారాలి. మధ్యలో ఎవరో ఆ అంకెను ఊరి భాషలోకి, ఊరి దారుల్లోకి దించాలి. ఆ మధ్యలో ఉండే మనిషిని తయారుచేసే చదువు గురించే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నాం.

ఇక రెండో పాఠం రుషికుల్య మొగ దగ్గరిది. అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలం వెర్రిగా వచ్చి గుడ్లు పెట్టడాన్ని శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించారు. చుట్టుపక్కల ఊళ్లవారికి మాత్రం అది అంతకు ముందే తెలుసు. 2025 ఫిబ్రవరిలో అలా వచ్చిన తాబేళ్లు ఆరు లక్షలు దాటాయి. ఆ ముందటి ఏడు, 2024లో, సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు. ఈ తాబేళ్లను కాపాడడానికి ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర, ఒడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపల వేటపై నిషేధం పెడతారు. ఏడు నెలలు! తాబేలు బతకాలి. అందులో రెండో మాట లేదు. కానీ వేటకు వెళ్లే ఇంట్లో ఏడు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుంది?

ఇక్కడే విధానం చదివినవారి అవసరం ఏర్పడుతుంది. చిన్న పడవకూ, పెద్ద ట్రాలరుకూ ఒకే నియమమా? తాబేలు బయటపడేందుకు వీలుండే వలలు ఎన్ని పడవల్లో ఉన్నాయి? పరిహారం పడవ ఉన్నవాడికి సరే, ఆ పడవలో కూలికి వెళ్లేవాడికి మాటేమిటి? గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా అమ్ముకునే ఆడమనిషి పేరు ఏ జాబితాలో ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే తాబేలు గురించీ తెలియాలి, గంపకింది మనిషి గురించీ తెలియాలి. ఆ తీరంలోనే పొడంపేట అనే ఊరు సముద్రపు కోతకు గురై, జనం వేరేచోటికి కదలవలసి వచ్చింది. తాబేళ్ల గుడ్లకు కాపలా కాసిన ఊరికే నిలువ నీడ పోయింది. సముద్రం వల్ల ఊరు కదిలితే ఇంటి స్థలం ఒక్కటే ఇస్తే చాలదు. పడవ ఆగే చోటు, వల ఆరబెట్టే చోటు, చేపలు ఎండబెట్టే చోటు కూడా లెక్కలోకి రావాలి. మంచి ప్రణాళిక అంటే ఇదే.

మూడో పాఠం కాగితానిది. దీన్ని కొంచెం శ్రద్ధగా వినమని మనవి.

ఛత్రపురం దగ్గర తంపర సరస్సు ఉంది కదా. 2021లో దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రాంసార్ జాబితాలో చేర్చారు. మన చిలికా 1981లోనే ఆ జాబితాలోకి ఎక్కింది. అదే మాదిరి నేల సరిహద్దు దాటి సోంపేట వెళితే బీల అనే పేరుతో కనిపిస్తుంది. వానాకాలంలో నీటితో నిండి, చేపలకూ, పక్షులకూ, చుట్టూ వరి మళ్లకూ ఆధారమయ్యే నేల. అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రయత్నం జరిగింది. ఆ నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపారని స్థానికులు మొత్తుకున్నారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజు, రెండు చోట్ల! కాగితం మీద నేల ఏమిటో ముందే సరిగా రాసి ఉంటే, ఆ రెండు ఇళ్లలో దీపాలు ఆరిపోయేవి కావేమో ఆలోచించండి.

ఆ కాగితాన్ని పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అంటారు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం, పెద్ద పరిశ్రమలకు, గనులకు, రేవులకు అనుమతి ఇచ్చే ముందు ఈ నివేదిక తయారు కావాలి. చాలా రకాల పనులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా జరగాలి. ఆ సభకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం ఇంగ్లీషులోనూ, రాష్ట్ర అధికార భాషలో లేదా స్థానిక భాషలోనూ జనానికి అందుబాటులో ఉంచాలి. సభలో జరిగినదంతా వీడియో తియ్యాలి. చివర్లో ఆ సభ వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇవి హక్కులు. ఎవరో దయతలచి ఇచ్చేవి కావు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న గంజాం అందులో చేరింది. కొంత భాగం ఇవతల మిగిలింది. అప్పటి నుంచీ ఇక్కడి తెలుగు మత్స్యకారుడి ఇంటి భాష ఒకటి, ఆఫీసు భాష ఒకటి. నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. సారాంశం ఒడియాలో ఉంటుంది. వల విసిరేవాడి ప్రశ్న తెలుగులో ఉంటుంది. ఈ మూడింటినీ కలిపే మనిషి లేకపోతే సభ జరుగుతుంది, సంతకాలు పడతాయి, ఫోటోలు దిగుతారు. ప్రశ్న మాత్రం వాడి నోట్లోనే ఉండిపోతుంది.

ఆ మూడు భాషలూ తెలిసినవారు ఎవరు? మన పిల్లలే! ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. దీన్ని మనం ఇన్నాళ్లూ ఇబ్బందిగానే చూశాం. ఈ చదువుకు వచ్చేసరికి అదే పెట్టుబడి. ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణుడు ఆరు నెలలు తిరిగినా పట్టుకోలేని సంగతి, మన అమ్మాయి ఒక్క సాయంత్రం చేపల రేవులో కూర్చుంటే తెలుసుకుంటుంది.

నాలుగో పాఠం నదులది. క్లుప్తంగా చెబుతాను. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీటిని చెరిసగం పంచుకోవాలని 1962లో రెండు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. అయినా తగాదా తేలక 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో అది తీర్పు ఇచ్చింది. ఇచ్ఛాపురం దగ్గర బాహుదాకూ ఇటు ఒక రాష్ట్రం, అటు ఒక రాష్ట్రం. నదికి సరిహద్దు తెలియదు, ఫైలుకు తెలుసు. రెండు వైపుల ఫైళ్లూ చదవగలవారు సరిహద్దు జిల్లాల నుంచే రావడం సహజం కాదా?

సరే, ఈ చదువు ఎక్కడ చదవాలి? ఎవరు చదవవచ్చు? ఇప్పుడు ఆ వివరాలకు వద్దాం.

ముందుగా దగ్గరలో ఉన్నవి. మన భంజబిహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయం 1967లో ఏర్పడింది. సముద్రపు పక్కనే ఉన్నందుకు తగ్గట్టు అక్కడ సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. తీరం, మొగలు, చిలికా గురించి శాస్త్రీయంగా తెలుసుకోవాలనుకునేవారికి అది మంచి పునాది. 2016లో బరంపురానికి వచ్చిన ఐసర్ సంస్థ మౌలిక విజ్ఞాన పరిశోధన వైపు మొగ్గు ఉన్నవారికి తగినది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. ఉంది.

ప్రణాళికే చదవాలనుకుంటే 2008లో ప్రారంభమైన విజయవాడ ప్రణాళిక, వాస్తుశాస్త్ర సంస్థను గుర్తుపెట్టుకోండి. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. పర్యావరణ ప్రణాళిక, నిర్వహణలో అక్కడ రెండేళ్ల పీజీ కోర్సు ఉంది. ఢిల్లీ, భోపాల్‌లలోని అలాంటి సంస్థల్లోనూ పర్యావరణ ప్రణాళిక బోధిస్తారు. ఇందులో చేరడానికి ఇంజనీరింగే చదివి ఉండాలన్న నియమం లేదు. భూగోళం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, పర్యావరణ శాస్త్రం వంటి వాటిలో పీజీ చేసినవారికి కూడా అవకాశం ఉంటుంది. గేట్ పరీక్షలో మార్కులు ఉంటే మేలు. 2021 నుంచి గేట్‌లో పర్యావరణ శాస్త్రానికీ, మానవీయ, సామాజిక శాస్త్రాలకూ కూడా పేపర్లు పెట్టారు. విధానాలపై ఆసక్తి ఉన్నవారు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, టెరి సంస్థ, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థల ప్రకటనలు ప్రతి ఏడూ చూస్తూ ఉండాలి. అర్హతలు, ఫీజులు ఏటేటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదివాకే దరఖాస్తు పెట్టండి.

విదేశాలకు పంపగలమా అని కొందరు అడుగుతారు. వెళ్లవచ్చు. షెడ్యూల్డు కులాలు, మరికొన్ని వర్గాల విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. కాని పొలం తాకట్టు పెట్టి పంపే ముందు ఒక్క మాట ఆలోచించండి. అక్కడి నగరాల ప్రణాళిక నేర్చుకుని వచ్చినంత మాత్రాన రుషికుల్య మొగ అర్థం కాదు. విద్యార్థి ఏ దేశంలో చదివినా, పరిశోధన పత్రానికి అంశం మన ఊరిది తీసుకుంటే ఆ చదువు ఇంటికి తిరిగి వస్తుంది.

ఏ కోర్సులో చేరే ముందయినా మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ డిగ్రీకి గుర్తింపు ఉందా? రెండు, ఊళ్లలో తిరిగి చేసే పని ఎన్ని వారాలు ఉంటుంది? మూడు, ఉపగ్రహ చిత్రాలతో పటాలు గీసే విద్య, గణాంకాలు, పర్యావరణ చట్టం – ఈ మూడూ నేర్పుతారా? గదిలో కూర్చోబెట్టి నిర్వచనాలు బట్టీ పట్టించే కోర్సు అయితే, అందమైన పేరు చూసి డబ్బు పోగొట్టుకోకండి.

ఉద్యోగాల మాట కూడా దాచకుండా చెప్పుకుందాం. ఉపాధ్యాయుల పోస్టుల మాదిరి ఇవి వందల్లో పడవు. కాలుష్య నియంత్రణ మండలులు, విపత్తుల నిర్వహణ సంస్థలు, పట్టణాభివృద్ధి సంస్థలు, పరిశోధన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశ్రమల్లో పర్యావరణ విభాగాలు – పని దొరికే చోట్లు ఇవి. ఎక్కువ మందిని తీసుకునేవి నివేదికలు తయారుచేసే సలహా సంస్థలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నివేదిక రాయించుకుని, దానికి డబ్బు ఇచ్చేది ఆ పరిశ్రమ పెట్టబోయే యాజమాన్యమే. జీతం ఇచ్చేవారికి నచ్చని నిజాన్ని రాయవలసి వచ్చినప్పుడు కలం వణకకుండా ఉండాలి. ఇది ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. ఇంట్లో నేర్పవలసిన విద్య. తల్లిదండ్రులారా, ఆ భాగం మీది.

ఇప్పుడు డిగ్రీ రెండో ఏడో, మూడో ఏడో చదువుతున్నవారికి ఒక సూచన. పీజీ దాకా ఆగనక్కరలేదు. మీ ఊరి పటం ఒకటి మీ చేత్తో గీయండి. వాన పడితే నీరు ఎటు పోతుంది, ఎక్కడ నిలుస్తుంది, ఇదివరకు చెరువు ఉన్నచోట ఇప్పుడు ఏముంది, తుఫాను భవనానికి దారిలో ఏ వాగు అడ్డం వస్తుంది, గుర్తు పెట్టండి. రంగైలుండ, ఛత్రపురం వైపు వారైతే మొగలి డొంకల దగ్గరికి వెళ్లండి. ఆ పువ్వు నుంచి తీసే అత్తరు ఎన్ని ఇళ్లకు కూడు పెడుతోందో, అదే డొంక ఇసుకను ఎలా పట్టి ఉంచుతోందో అడిగి రాసుకోండి. ముసలివారిని అడగండి: సముద్రం మీ చిన్నప్పుడు ఎక్కడ ఉండేది అని. వారు చూపించిన చోటు పటంలో చుక్క పెట్టండి. ఆ తరువాత ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చుకోవచ్చు. 1990 నుంచి 2018 దాకా మన దేశ తీరాన్ని కొలిచిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, మూడింట ఒక వంతు తీరం కోతకు గురవుతోందని తేల్చింది. ఆ మూడో వంతులో మీ ఊరు ఉందో లేదో మీ చుక్కలు చెబుతాయి. ప్రవేశ పరీక్ష తరువాత జరిగే ఇంటర్వ్యూలో ఆ పటం బల్లమీద పరిచిన విద్యార్థికి వేరే సిఫారసు అక్కరలేదు.

శ్రోతలారా! మన తీరం గురించి, మన నదుల గురించి కాగితాలు రాస్తూనే ఉంటారు. వాటి మీద సంతకాలు పడుతూనే ఉంటాయి. ఆ కాగితంలో బీలను బీల అని, రేవును రేవు అని, మనిషిని మనిషి అని రాసేవారు కావాలి. వారు ఎక్కడి నుంచో రారు. ఈ ఏడు మీ ఇంట్లో డిగ్రీ పూర్తిచేసే పిల్లనో, పిల్లవాణ్ణో ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని, ఈ చదువు సంగతి కూడా మాట్లాడండి. అంతకు మించి నేను కోరేది లేదు.